ఈ-టైప్ వెనక చక్రంలో లూజు

జాగ్వార్ ఈ-టైప్ (1961) వెనక చక్రం ఊగుతోందని వెంటనే హబ్ బేరింగులు మార్చేయడం తొందరపాటు. ఈ కారులో వెనక డ్రైవ్ షాఫ్టు చక్రాన్ని తిప్పడంతో ఆగదు, సస్పెన్షన్‌కు పై ఆర్మ్‌గా కూడా పనిచేస్తుంది. అందుకే షాఫ్టు చివర్ల క్రాస్ జాయింట్లు అరిగినా, డిఫరెన్షియల్ అవుట్‌పుట్ షాఫ్టు బేరింగు పోయినా, హబ్ బేరింగు పోయినా చేతికి తెలిసేది ఒకే రకం లూజు.

కారును జాకీతో లేపి స్టాండ్ల మీద గట్టిగా నిలిపాక, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఒకరు ఊపుతుంటే మరొకరు కింద టార్చి వేసి చూడాలి. ఆ రెండో మనిషి లేకపోతే ఈ పరీక్షకు విలువే లేదు. హబ్ కారియర్ కదలకుండా చక్రమే ఆడితే తప్పు హబ్ బేరింగులదే. కారియర్ కూడా కలిసి ఊగితే, క్రాస్ జాయింటు కప్పు మీద వేలు ఆనించాలి. అరిగినదైతే ‘టిక్’మని వేలికే తెలుస్తుంది. కింది ఆర్మ్ పిన్నునూ వదలకూడదు.

చాలా కార్లలో బ్రేకు తొక్కి ఊపినప్పుడు లూజు పోతే బేరింగేనని తేలుతుంది. ఇక్కడ ఆ కిటుకు పనికిరాదు. వెనక డిస్కులు చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. బ్రేకు పడితే తగ్గేది అవుట్‌పుట్ షాఫ్టు లూజే.

తప్పు హబ్ బేరింగుదేనని తేలినా, దాన్ని పూర్తిగా బిగించడమూ ప్రమాదమే, ఈ టేపర్ రోలర్ బేరింగు వేడెక్కి పాడవుతుంది. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల వదులు ఉండి తీరాలి. దాన్ని డయల్ గేజితో కొలిచి, తగిన మందం స్పేసర్ వేసి సరిచేస్తారు.