ఉప్పును విడగొట్టడమంటే మాటలా?

ఇవాళ ఉప్పు సంగతి చెప్పుకుందాం. సిరోంచలో కూర్చుని ఉప్పు కబుర్లేమిటంటారా? నిజమే, ఇక్కడ నీళ్లకు కొదవ లేదు. ప్రాణహిత, గోదావరి ఊరి ముంగిటే కలుస్తాయి, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఉప్పునీళ్లు మాత్రం చుక్క లేవు. తిన్నగా గీత గీసినా సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు లంబాడీలు ఎద్దుల మీద గోనెలు వేసుకుని తోలుకొస్తేనే ఈ అడవి ఊళ్లలో కూరకు రుచి. ఆర్థర్ కాటన్ దొర గోదావరిని ఎగువ దాకా పడవల బాట చేద్దామనుకున్న రోజుల్లో కిందికి పత్తి, పైకి ఉప్పు అన్నదే లెక్క. దుమ్ముగూడెం, ఇంచంపల్లి దగ్గరి రాళ్లు ఆ లెక్క సాగనివ్వలేదు. 1871లో పని ఆపేశారు.

అంత దూరం నుంచి వచ్చిన సరుకు నేలపాలైతే ఊరుకుంటామా? దొడ్డుప్పు బస్తా చిరిగి ఇసుకలో పడిందనుకోండి. ఏరుకోవడం అయ్యే పని కాదు. మొత్తం బిందెలోకి ఎత్తి నీళ్లు పోయండి. కిలో ఉప్పు కరగడానికి 3 లీటర్ల నీళ్లు చాలు. ఇసుక అడుక్కు దిగాక పైతేట వంచుకుని, నాలుగు మడతల గుడ్డలో వడగట్టి పొయ్యి మీద పెట్టండి. కాసేపు మరిగాక నీటి మీద సన్నని తెల్లని పొర కడుతుంది. అది మునిగి, అడుగున చిన్న చిన్న చదరపు గింజలు చేరతాయి. చివర్లో మంట తగ్గించండి, లేదంటే గింజలు చిటపటమని మొహాన పడతాయి. మధ్యలో మూత పెట్టి, దాని లోపలి చుక్కను నాలుక మీద వేసుకు చూడండి. చప్పగా ఉంటుంది. ఆవిరై లేచేది నీళ్లే, ఉప్పు గిన్నెను వదలదు.

నౌపడలో, చినగంజాంలో మడులు కట్టి ఎండతో చేసేదీ ఈ పనే. కాకపోతే వాళ్లకో మెలకువ ఉంది. సముద్రపు నీళ్లు ఇంకుతుంటే ముందు జిప్సం దిగిపోతుంది, తర్వాత ఉప్పు. ఆఖరు చుక్క దాకా ఎండనివ్వరు. అడుగున మిగిలే నీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి. అవి కలిస్తే ఉప్పు చేదెక్కుతుంది, ఊరికే చెమ్మగిల్లుతుంది. అందుకే ఆ నీళ్లు పారబోస్తారు.

మరి ఉప్పు, దానితో కలిసిన సరుకు రెండూ నీళ్లలో కరిగేవైతే? ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ల దగ్గర నవాసాగరం ఉంటుంది కదా, అది ఉప్పులో కలిసిందనుకోండి. అప్పుడు నీళ్లతో పని లేదు. పొడిగా వేడి చేస్తే నవాసాగరం తెల్లని పొగై లేచిపోతుంది, ఉప్పు అడుగునే ఉంటుంది. గాలి ఆడే చోట చేయాలి సుమా, ఆ పొగ గొంతు పట్టేస్తుంది. కూరలో ఎక్కువైన ఉప్పును మాత్రం ఎవరూ బయటికి లాగలేరు. ఆలుగడ్డ ముక్కలు వేస్తే ఉప్పుతోపాటు పులుసునూ కొంత పీలుస్తాయి, అంతే. కూర పెరిగి ఉప్పు పలచబడుతుంది.

ఇంతవరకూ సులువే. ఇసుకతో ఉప్పుది బస్సులో పక్క సీటు పరిచయం, స్టేజీ రాగానే ఎవరి దారి వాళ్లది. ఉప్పులోని సోడియం, క్లోరిన్‌ల సంగతి అలా కాదు. కిలో ఉప్పులో సోడియం 390 గ్రాములు, మిగతాదంతా క్లోరిన్. పొయ్యి మీద ఎంత కాచినా అవి విడిపోవు. 801 డిగ్రీల దగ్గర ఉప్పు కరిగి పారుతుంది తప్ప ఉప్పుగానే ఉంటుంది. వాటిని విడగొట్టాలంటే కరెంటు కావాల్సిందే. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి కరెంటు పంపి సోడియంను తొలిసారి బయటికి తీశాడు. చాకుతో కోయవచ్చు, అంత మెత్తని లోహం. నీళ్లు తగిలితే భగ్గుమంటుంది, అందుకే కిరోసిన్‌లో దాస్తారు. ఇప్పుడు కార్ఖానాల్లో కరిగించిన ఉప్పులోంచే తీస్తారు. కాల్షియం క్లోరైడ్ కలిపితే 600 డిగ్రీలు చాలు.

ఉప్పునీళ్లలోకే కరెంటు పంపితే సోడియం చేతికి రాదు. ఒక కొస దగ్గర క్లోరిన్, రెండో కొస దగ్గర హైడ్రోజన్, నీళ్లలో కాస్టిక్ సోడా వస్తాయి. కొవ్వూరు ప్రాంతంలోని సగ్గొండలో ఆంధ్రా షుగర్స్ వాళ్ల కార్ఖానా చేసేది ఇదే. ఆ కాస్టిక్ సోడా కాగితపు మిల్లులకూ కావాలి. అడవి వెదురును ఉడికించి గుజ్జు చేసేది దానితోనే. మన ప్రాణహిత అవతల కాగజ్‌నగర్ వెలసింది కాగితం పేరు మీదే కదా.

క్లోరిన్‌ను పొడి సున్నానికి పట్టిస్తే బ్లీచింగ్ పౌడర్. 2022 జూలైలో గోదావరి పొంగి సిరోంచ తాలూకా ఊళ్లు మునిగాయి. అలాంటి వరద తీశాక బావి నీళ్లు మళ్లీ తాగాలంటే చల్లాల్సింది ఆ పొడినే. ఒకప్పుడు ఎద్దుల మీద వచ్చిన ఉప్పు ఇప్పుడు సగం విడిపోయి డబ్బాలో వస్తోందన్నమాట.

ఆ డబ్బా ఇంట్లో ఉంటే మూత బిగించి పెట్టండి. తెరిచి ఉంచితే క్లోరిన్ పోయి పొడిలో పస మిగలదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి. సున్నం పట్టి ఉంచిన క్లోరిన్ ఒక్కసారిగా మీద పడుతుంది. ఉప్పును విడగొట్టడానికి అంత కరెంటు కావాలి గానీ, ఈ పొడిలోంచి ఆ విషపు గాలి లేవడానికి ఒక్క మగ్గు యాసిడ్ చాలు.