దూలం లేని మేడ

పిల్లలూ! మేడ కట్టాలంటే ఏమేమి కావాలి? రాయి, ఇటుక, సున్నం, కర్ర అని మీరు చెబుతారు. పాతకాలపు ఇళ్లలో తల ఎత్తి చూస్తే కర్ర దూలాలూ, వాటిపైన వాసాలూ కనబడతాయి. మరి ఒక్క దూలమైనా లేకుండా మూడంతస్తుల మేడ నిలుస్తుందా? నిలుస్తుంది. కావలిస్తే తిరుపతికి దగ్గరలోనే ఉన్న చంద్రగిరికి పోయి చూడండి.

ఆ మేడ పేరు రాజమహల్. దాని వెనుక సుమారు 180 మీటర్ల ఎత్తున కొండ, కొండను చుట్టి కోటగోడలు ఉన్నాయి. ఇరవై అంతస్తుల భవనాలు చూసినవారికి మూడంతస్తులు ఒక లెక్కా అనిపించవచ్చు. కాని ఇనుప కడ్డీలూ, సిమెంటూ లేని రోజుల్లో, రాయీ ఇటుకా సున్నంతోనే ఇంత ఎత్తు లేపడం మాటలు కాదు.

కర్ర లేకపోతే వచ్చిన లాభమేమిటి? ఇది తెలియాలంటే హంపీని తలుచుకోవాలి. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. శత్రువులు రాజధానిని కొల్లగొట్టి తగులబెట్టారు. నేడు హంపీలో రాతి గుళ్లు ఎన్నో ఉన్నాయి. రాజుల మేడల్లో చాలా వాటికి మాత్రం రాతి అరుగులే మిగిలాయి. పైనున్న కర్ర స్తంభాలూ, కప్పులూ పోయాయి.

ఆ తర్వాత రాజధాని పెనుగొండకూ, రెండవ వేంకటపతిరాయల కాలంలో చంద్రగిరికీ మారింది. ఈ కోటా ప్రశాంతంగా లేదు. గోల్కొండ సేనలు వచ్చాయి, తరువాత మైసూరు సేనలూ వచ్చాయి. అయినా రాజమహల్ నిలిచింది. కాలడానికి అందులో దూలం లేదు, చెదలు తినడానికి వాసం లేదు!

మరి బరువును మోసేదెవరు? కమాను. దీని కిటుకు మీరే తెలుసుకోవచ్చు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి, అరచేతులు ఆనించి, ముందుకు వాలండి. ఒకరినొకరు తోసుకుంటూ ఇద్దరూ పడకుండా నిలుస్తారు. కాని కాళ్లు వెనక్కు జారబోతాయి చూడండి! వెనుక మరొకరు పాదం అడ్డుపెడితే ఇక జారవు. కమానులోని రాళ్లూ, ఇటుకలూ ఇలాగే ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలుస్తాయి. కాళ్లు జారకుండా అడ్డు నిలిచే పని లావుపాటి గోడలది.

మేడ మధ్యనున్న దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తు ఉంటుంది. రాజు కొలువు తీరడానికి అది తగినదే. ముందువైపు వరుసగా ఉన్న కొనదేలిన కమానులు సుల్తానుల కట్టడాల తీరువి. పైనున్న శిఖరాలు మన గుడి విమానాల తీరువి. యుద్ధంలో ఎదుటివారైనా, పనితనంలో మంచి ఎవరి దగ్గరున్నా మన మేస్త్రీలు నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ మేడలో భారత పురావస్తు శాఖవారి మ్యూజియం ఉన్నది. నాలుగు వందల ఏళ్లు దాటినా మేడకు పని తప్పలేదన్నమాట!

ఇంకో ముచ్చట వినండి. 1639లో చంద్రగిరి రాజుకు సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రతీరాన కొంత నేలను ఈస్టిండియా కంపెనీ వారికి ఇచ్చాడు. ఆ పత్రం ఈ మహల్‌లోనే రాశారని ఇక్కడివారు చెబుతారు. ఆ నేలమీద పెరిగిన పట్నమే మద్రాసు, నేటి చెన్నై. ఆ నగరంలోనే 1959లో పద్నాలుగంతస్తుల ఎల్.ఐ.సి. భవనం లేచింది. అప్పటికి మన దేశంలో అదే అన్నిటికంటె ఎత్తైనది. అక్కడ బరువు మోసేవి కాంక్రీటు స్తంభాలు. గోడలు ఎండావానా రాకుండా ఆపే తెరలవంటివి. రాజమహల్‌లో ఎత్తు పెరిగేకొద్దీ బరువంతా గోడలమీదనే పడుతుంది గనక, గోడలు లావెక్కక తప్పదు. కాంక్రీటు స్తంభాలు వచ్చాక మేడలకు సన్నగా ఆకాశానికి ఎగబాకే వీలు చిక్కింది.

ఈసారి తిరుపతి యాత్రకు వచ్చినప్పుడు మీ పెద్దలను చంద్రగిరికి తీసుకుపొమ్మని అడగండి. మహల్ గోడ మందం ఎన్ని జానలో కొలవండి. తరువాత తల ఎత్తి, కప్పు కింద ఎక్కడైనా దూలం కనబడుతుందేమో వెతకండి!