నేల కింద నడిచిన దారి

గోదావరి మా నంగునూరుకు నేల మీది నుంచి రాలేదు, నేల కింది నుంచి వచ్చింది. మేడిగడ్డ దగ్గర సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తున నిలిపిన నీళ్లను చంద్లాపూర్ రంగనాయక సాగర్‌లో 490 మీటర్లకు ఎక్కించారు. వాగైనా నదైనా పల్లం వెతుక్కుంటుంది. ఈ నదికి పల్లంతో పని లేదు, కరెంటు ఉంటే గుట్టలెక్కుతుంది, లేకుంటే ఎక్కడిదక్కడ ఆగుతుంది.

ఈ కాళేశ్వరం ఎత్తిపోతల గురించి రాసినవాళ్లు టీఎంసీలు లెక్కపెట్టారు, మోటార్ల మెగావాట్లు చెప్పారు. అప్పులు, అవినీతి గురించి పోట్లాడినవాళ్లూ ఉన్నారు. నీళ్లకంటే ముందు దాని సొరంగాల్లో నడిచిన మనుషుల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

మధ్యమానేరు దాకా ఉన్న పై దారి నాకు బస్సు కిటికీలోంచి తెలుసు గాని కాళ్లకు తెలియదు, కాబట్టి గబగబా దాటేస్తాను. 2019 జూన్ 21న ప్రాజెక్టును ప్రారంభించారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక అక్కడి ఎత్తిపోత ఆగింది. ఇటువైపు ఇప్పుడు వచ్చేది ఎల్లంపల్లి నీళ్లే. నంది మేడారం దగ్గర ఒకసారి, లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలోని పంపుహౌస్ నుంచి మరోసారి పైకి లేచి, వరద కాలువ పట్టుకుని మధ్యమానేరులో పడతాయి. ఆ నీళ్ల కింద కొదురుపాక, అనుపురం, రుద్రవరం, చీర్లవంచ వంటి ఊళ్లున్నాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత ఇళ్ల మొండిగోడలు తేలతాయని, వాటిని చూసుకోవడానికి పిల్లలను వెంటబెట్టుకొని పోతారని అటువైపు చుట్టాలు చెబుతారు.

మధ్యమానేరు దాటితే దారి మళ్లీ నేలలోకి దిగుతుంది. ఇల్లంతకుంట మండలం తిప్పాపూర్ దగ్గర సొరంగం, సర్జ్‌పూల్, పంపుహౌస్. సొరంగం వచ్చి కలిసే లోతైన బావిలాంటిది సర్జ్‌పూల్. పంపులు నీళ్లు తోడుకునేది అందులోంచే. తిప్పాపూర్‌లో ఎత్తిన నీళ్లు అనంతగిరి రిజర్వాయర్‌లో నిలుస్తాయి.

ఈ సొరంగాలు తవ్వింది నల్లరాతిలో. రాతి ముఖానికి వరసగా బెజ్జాలు కొట్టి, మందు కూరి, అందరూ వెనక్కి నడిచి వచ్చి పేలుస్తారు. పొగ పోయేదాకా ఆగాలి. తర్వాత ఊగులాడే రాళ్లను గడ్డపారలతో రాల్చి, రాళ్లగుట్టను లారీలకు ఎత్తి, పైకప్పుకు ఇనుప బోల్టులు బిగించి, సిమెంటు చల్లుతారు. అంత చేస్తే ముందుకు జరిగేది కొద్ది మీటర్లే. అప్పుడు మళ్లీ బెజ్జాలు. ఆడిట్ అనే పక్కదారి నుంచి లోపలికి దిగి, బురదలో, డీజిల్ పొగలో, లారీలకు దారి ఇస్తూ షిఫ్టు షిఫ్టుకు నడిచిన కూలీలకు అదే బజారు, అదే బాట. సొరంగం పూర్తవుతున్నకొద్దీ వాళ్ల నడక పొడవయ్యేది.

2017 సెప్టెంబరు 20న తిప్పాపూర్ సొరంగంలో పైకప్పు రాళ్లు కూలి ఏడుగురు కూలీలు చనిపోయారు. జార్ఖండ్, ఒడిశా లాంటి దూరప్రాంతాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. రెండు రోజులు పేపర్లో ఉన్నారు. తర్వాత నీళ్లొచ్చాయి, పూలు చల్లారు, వాళ్లు నడిచిన బాట మునిగింది.

మన రాష్ట్రం అక్కడ ఏం నేర్చుకున్నట్టు? 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. నెలల తరబడి వెతికితే ఇద్దరి శవాలు దొరికాయి. ఒక చోట చచ్చినవాళ్లను గుర్తుపెట్టుకోకపోతే ఇంకో చోట జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది?

అనంతగిరి నుంచి ఇంకో సొరంగం చంద్లాపూర్‌కు వస్తుంది. ఇక్కడ ఒక్కో పంపు 134 మెగావాట్లది, అలాంటివి నాలుగు. 2020 ఏప్రిల్ 24న మోటార్లు తిప్పారు. రంగనాయకుల గుట్ట చుట్టూ నీళ్లు నిండాయి. తవ్వే రోజుల్లో అక్కడుండే మా మేనత్త అనేది: “పొద్దూకినంక భూమిల ధన్ మని మోగుతుండె బిడ్డా, అర్రలున్న గిన్నెలు కదులుతుండె. కింద మనుషులున్నరని యాదికొస్తె బుక్క మింగుడు పడకపోతుండె.”

ఇక మా సీమ. నంగునూరు పక్క నుంచి పోయే మోయతుమ్మెద వాగు కోహెడ దాటి కరీంనగర్ దగ్గర దిగువ మానేరులో కలుస్తుంది. నా చిన్నప్పుడు అది ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక. చెలిమె తీసి, ముంతతో నీళ్లు తోడి బిందె నింపడం ఆడవాళ్లకు పొద్దటి పని. తర్వాత ఆ ఇసుక కూడా లారీలెక్కింది. భూమిలో నీళ్లు అడుగంటాయి, బోర్ల మీద బోర్లు వేసి అప్పులపాలైన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. కాలువ వచ్చి, చెక్‌డ్యాములు నిండి, ఎండాకాలం వాగులో నీళ్లు నిలిచినప్పుడు మా ఊరివాళ్లు పండుగ చేసుకున్నారంటే తప్పుపట్టలేను. నేనూ ఆ నీళ్లతో పండిన అన్నమే తింటున్నాను.

తిన్నాక అడగాల్సిన మాట ఒకటుంది. మా మండలంలోనే నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖ పెద్దరాతి యుగపు సమాధులు తవ్వింది. పదుల టన్నుల బరువున్న రాతిబండను, యంత్రం లేని కాలంలో, చచ్చినవాళ్ల మీద మూతగా పెట్టారు ఆనాటి మనుషులు. ఇటు మా మండలపు కోనాయిపల్లి వెంకటేశ్వరస్వామి ముందు నామినేషన్ కాగితాలు పెట్టి మొక్కాకే కేసీఆర్ ఎన్నికలకు పోతారు. ఇక్కడ రాయికి విలువ తెలుసు, మొక్కుకు విలువ తెలుసు. శిలాఫలకాల మీద మంత్రుల పేర్లూ ఉన్నాయి. మరి సొరంగంలో చచ్చిన ఆ ఏడుగురి పేర్లు ఏ రాయి మీద ఉన్నాయి?

చంద్లాపూర్ నుంచి దాదాపు 16 కిలోమీటర్ల సొరంగం తుక్కాపూర్‌కు పోతుంది. అక్కడి నుంచి 50 టీఎంసీల మల్లన్నసాగర్. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, రాంపూర్ దాని కిందే. భూమి ఉన్నవాళ్లకు ధర కట్టి, భూమి లేని కూలీలను లెక్కలోకి తీసుకోని జీవో 123ను 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు. వేములఘాట్ వాళ్లు వందల రోజులు రిలే దీక్షల్లో కూర్చున్నారు. అయినా ఊరు పోయింది. పైన భూమి లేని కూలీ, కింద సొరంగం కూలీ: ఇద్దరి పేర్లూ పట్టా పుస్తకంలో ఉండవు.

అక్కడి నుంచి నీళ్లు కొండపోచమ్మ సాగర్‌కు, సముద్రమట్టానికి 618 మీటర్ల ఎత్తుకు ఎక్కుతాయి. నేను అంతదాకా పోలేదు. తిప్పాపూర్‌కు మాత్రం పోయాను. ఆ ఏడుగురి పేర్లున్న రాయి నా కంటబడలేదు. ఎక్కడైనా ఉంటే నలుగురూ నడిచే తోవకు తేవాలి, లేకుంటే చెక్కించాలి. ఇన్ని వేల కోట్లు ఎత్తిపోసిన ప్రభుత్వాలకు ఒక రాయి ఎత్తడం బరువు కాదు. వాళ్లు ఎత్తకుంటే ఆ నీళ్లు తాగుతున్న ఊళ్లం మనమే చందాలు వేసుకొని నిలబెట్టాలి; నంగునూరు వంతు మొదటిది కావాలి.