ప్లేయర్‌కి తెలుగు రాదు, అమ్మమ్మకి ఇంగ్లీష్ రాదు

వీడియో ఫైల్‌ని డిస్క్‌లోకి కాపీ చేయడం వేరు, డీవీడీ తయారు చేయడం వేరు. ఈ తేడా నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఎల్‌బీ నగర్‌లో మా అమ్మమ్మ టీవీ కింద ఉన్న పాత ప్లేయర్ చెప్పింది. దానికి యూఎస్‌బీ కూడా లేదు.

తాతయ్య పోయి ఏడాదైంది. ఆయన వీడియోలు పద్నాలుగు, అన్నీ కలిపి యాభై నిమిషాలు, అమ్మ ఫోన్‌లో ఉన్నాయి. అమ్మమ్మకి ఫోన్ పడదు, వేలు తగిలితే ఏదో ఒకటి మారిపోతుంది. రిమోట్ అయితే చీకట్లో కూడా నొక్కేస్తుంది. "నా టీవీల వచ్చేటట్టు చెయ్యి బిడ్డా, ఆయన మాట ఇంటా" అంది.

ఆ ఫోన్ వీడియోలు హెచ్.264లో ఉన్నాయి. అది 2003లో వచ్చిన పద్ధతి. డీవీడీ ప్లేయర్లు 1996లోనే వచ్చాయి, వాటికి తెలిసింది ఎంపెగ్-2. కాబట్టి వీడియోని అందులోకి మార్చాలి: ఫ్రేమ్ 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు, సౌండ్ 48 కిలోహెర్ట్జ్. మన దేశంలో నడిచే పాల్ లెక్క ఇది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక్క ఆప్షన్‌తో అయిపోతుంది. తర్వాత డీవీడీ స్టైలర్‌లో మెనూ కట్టి, 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్ చేయించాలి. ప్లేయర్ వెతికేది ఆ పేరునే. 8 మెగాబిట్ల రేటుతో యాభై నిమిషాలంటే 3 జీబీ, 4.7 జీబీ డిస్క్‌లో హాయిగా పట్టేస్తుంది.

చిక్కల్లా నిలువు వీడియోలతోనే. రెండు పక్కలా నలుపు, మధ్యలో సగం తెర కూడా లేని తాతయ్య. పైనా కిందా కోసేస్తే ముఖం పెద్దగా వస్తుంది, కానీ చేతులు పోతాయి. ఆయన సగం మాటలు చేతులతోనే మాట్లాడేవాడు. కోయలేదు.

ఇక పేర్లు. ఫోన్ పెట్టినవన్నీ వట్టి అంకెలు. ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ ఉండదు. అయితే డీవీడీ మెనూ దానికి అక్షరాలు కాదు, బొమ్మ! ఏ లిపిలో రాసినా చూపించేస్తుంది. ఈ సంగతి నాకు భలే నచ్చింది. పాత టీవీలో సన్నటి అడ్డగీతలు అదురుతాయి, అందుకే లావుగా ఉండే రామభద్ర ఫాంట్ తీసుకున్నా. అంచులు తెర బయటికి పోతాయి కనుక అన్నీ మధ్యకి జరిపా. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం నాది. పద్నాలుగు బటన్లకి తెలుగు పేర్లు రాయడానికి, నిజం చెప్పాలంటే, కోడ్ కన్నా ఎక్కువ టైమ్ పట్టింది. 'ఆవకాయ తయారీ' అంటే టెక్స్ట్‌బుక్‌లా ఉంది. అమ్మమ్మ ఎలా అంటుందో అలాగే రాశా: 'మామిడికాయ కొట్టుడు'.

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోచింగ్ బోర్డు లేని గోడ కనపడదు, ఖాళీ డీవీడీ మాత్రం మూడు షాపుల్లో లేదు. చివరికి ఒక ఫోటో స్టూడియో అన్న సొరుగు కిందనుంచి తీశాడు. "పెండ్లి వీడియోలే పెన్‌డ్రైవ్‌ల ఇస్తున్నం తమ్మీ. స్లోగా రాయి, పాత ప్లేయర్ గదా" అన్నాడు. సీనియర్ దగ్గర రైటర్ తెచ్చుకుని రాసి, మెట్రోలో మూడు స్టేషన్లు దాటి వెళ్లా.

అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని పద్నాలుగు పేర్లూ పైకి చదివింది. నన్ను అడగకుండానే ఆరోది నొక్కింది. తాతయ్య కత్తి పట్టుకుని ఎవరినో కసురుతున్నాడు. "నన్నే తిడుతుండు" అని నవ్వి, మళ్లీ అదే నొక్కింది.

సూర్యాపేటలో చిన్నమ్మమ్మ ఇంట్లో కూడా ఇలాంటి ప్లేయరే ఉందట. ఇంకో డిస్క్ కావాలంది.