ఎత్తుపల్లాల లీడ్సు

లీడ్సు స్టేషనులో దిగి యూనివర్సిటీకి నడిచేవాడికి ఆ ఊరి సంగతి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. దారంతా ఎగుడే! "సైకిళ్ళమీద వెడదాం, మామయ్యా" అని మా మేనల్లుడు అంటే తల ఊపడం నా బుద్ధితక్కువ. ఉడ్‌హౌస్ లేన్ సగం ఎక్కేసరికి ఆయాసం వచ్చి దిగిపోయాను. నావంటి వాళ్ళను ఈ ఊళ్ళో చాలామందిని చూసి ఉంటారు గాబోలు, ఎవరూ నవ్వలేదు.

1970 ప్రాంతాల్లో ఈ ఊరు తనను మోటారు రహదారుల నగరమని గొప్పగా చెప్పుకున్నది. ఊరి నడుమ తవ్విన పల్లంలో కార్లు ఏరులా పారుతూనే ఉన్నాయి. అయితే, ఇంగ్లండులో సైకిలు బాటలు ఎక్కడ వేస్తే ఎక్కువమందికి పనికివస్తాయో చూపే పటం తయారుచేయడంలో పెద్ద చెయ్యి ఈ ఊరి యూనివర్సిటీదే. 2017లో దాని వివరం అచ్చయింది. ఆ విద్యను భౌగోళిక సమాచార శాస్త్రమంటారు.

ఆ రాత్రి మావాడు కంప్యూటరుమీద ఆ పటం విప్పాడు. ఏ పేటనుంచి ఏ పేటకు ఎందరు ఎలా పనికి పోతున్నారో 2011 జనాభా లెక్కల్లో ఉంది. రెంటి నడుమ దారి ఎంత పొడుగో, ఎంత ఎగుడో యంత్రం లెక్క కడుతుంది. తరువాత అసలు ప్రశ్న: ఇంగ్లీషువాళ్ళకు డచ్చివాళ్ళ సైకిలు అలవాటు అబ్బితే? ఆడవాళ్ళూ మగవాళ్ళంతగా సైకిలెక్కితే? మరుక్షణం పటంమీద గీతలు లావెక్కాయి.

"ఇదిగో, నువ్వు దిగిపోయిన చోటు!" అన్నాడు. ఎగుడును పటం కూడా ఒప్పుకుంటుందని తెలిసి నాకు కాస్త పరువు దక్కినట్లయింది. మర్నాడు ఏర్ నదికి దగ్గరగా, కాలవగట్టున కర్క్‌స్టాల్ దాకా పోయాను. దారి చదును. ఒక్కసారి కూడా దిగలేదు.

మావాడి ఇంటావిడ రోజూ హెడింగ్లీ స్టేషనుకు మైలు దూరం నడిచి, అక్కడ రైలెక్కి పనికి పోతుంది. పటం చూసి, "నా దారేదీ?" అంది.

మావాడు తడబడ్డాడు. జనాభా లెక్కలవారు అడిగింది, మామూలు ప్రయాణంలో దూరాన్నిబట్టి అన్నిటికన్నా పొడుగైన భాగం దేనిమీద అని. ఆవిడ రైలని రాసింది. నడిచిన మైలు ఎక్కడా ఎక్కలేదు. పైగా ఆ లెక్క పనికిపోయే దారులదే. పిల్లలు బడికి పోయే దారులను పటంలో తరువాత చేర్చారు. కూరలకూ, వైద్యుడి దగ్గరికీ పోయేవాళ్ళు అందులో లేరు.

"అయితే రేపు నాతో రండి," అంది ఆవిడ.

తెల్లవారకముందే ముగ్గురం బయలుదేరాం. సన్నటి వాన. పేవుమెంటుమీద ఎవరో కారు ఎక్కించి నిలిపారు; ఆవిడ అలవాటుగా నడివీధిలోకి దిగి చుట్టి వెళ్ళింది. వెనక వస్తున్న లారీ గట్టిగా హారను కొట్టింది. మావాడు జేబులోంచి కాగితం తీసి, ఆ చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుకున్నాడు. స్టేషను చేరేసరికి అలాంటివి ఏడయ్యాయి.