ఊడ నేల తాకవలెను

పిల్లలమర్రి యనగానే సూర్యాపేట ప్రక్కనున్న కాకతీయుల గుడుల ఊరు మీకు తలంపునకు వచ్చును. నేను చెప్పబోవునది మహబూబ్‌నగర్ పట్టణమునకు సుమారు 4 కిలోమీటర్ల దూరముననున్న మర్రిచెట్టును గూర్చి.

గత చలికాలమున పెన్‌పహాడ్ యౌవనులు కొందరితో ఒక దినమెల్ల అక్కడ నడచితిని. దూరమునుండి చూచిన అది చిన్న గుట్టవలె కనబడును. దగ్గరకు వచ్చిన అడవివలె నుండును. దాదాపు 3 ఎకరములు కప్పిన ఆ అడవి యంతయు ఒకే చెట్టు! 700 ఏండ్లదని జనులు చెప్పుదురు. తల్లిమాను ఏదియని మా పిల్లవాడొకడు వెదకి వెదకి అలసిపోయెను. ఊడలే మానులైనవి, వాటి కొమ్మలనుండి మరల ఊడలు దిగినవి.

ఊడ మొదట దారమువలె సన్ననిది. గాలికి ఊగును, లాగిన తెగును. నేలను తాకిన పిమ్మట వేరూని, నీరు పీల్చి, లావెక్కి, తన్ను కనిన కొమ్మను తానే మోయును. ఊడ దిగని పొడవు కొమ్మకు తన బరువే అపాయము.

2017వ సంవత్సరాంతమున, చెదలు పట్టిన ఈ చెట్టు పెద్దకొమ్మ యొకటి విరిగిపడెను. 2018లో సెలైను సీసాలు వ్రేలాడగట్టి, చెదలమందును చుక్కచుక్కగా మానులోనికి ఎక్కించిరి. కొమ్మల క్రింద సిమెంటు స్తంభములు నిలిపిరి. లేత ఊడలను గొట్టములగుండ నేలకు దింపిరి. స్తంభము బరువును మోయును గాని నీరు త్రాగదు, పెరుగదు. ఊడకు ఊడయే సాటి.

మన పల్లె సంఘములను చూడుడి. గుడి కట్టిన తరమువారు నెరసిపోయిరి. యౌవనులు హైదరాబాదునకు పోయిరని దుఃఖపడుచున్నాము. మరి ఊరనే యున్న యౌవనునికి కానుకల లెక్క వ్రాయుటయైనను, ఆదివారపు బడి నడుపుటయైనను అప్పగించితిమా? "వానికేమి తెలియును?" అనుచు ఆ లేత ఊడను త్రుంచుచున్నాము గదా! నేనెరిగిన యొక పల్లెలో పెద్ద మరణించిన తరువాత రెండేండ్లు ప్రార్థనాలయపు తాళము తీయువారే లేకపోయిరి. విశ్వాసులున్నారు, పని నేర్చినవారు లేరు.

పౌలు ఎఫెసు సంఘమును చూచు భారమును యౌవనుడగు తిమోతికి అప్పగించెను. పెద్దలారా, మీరును వచ్చు ఆదివారమున ఒక యౌవనుని చేతికి ఒక పని నియ్యుడి. అతడు తడబడినను వెంటనే తిరిగి తీసికొనకుడి. ఊడకు గొట్టమువలె, అతడు నేల తాకువరకు ప్రక్కన నిలిచి కాపాడుడి. మీ బలము తగ్గిన దినమున సంఘమును మోయువాడు అతడే.