రుక్మిణమ్మ గుడి వేరే ఎందుకుంది?

పండరిపురం మన షోలాపూర్‌కు 70 కిలోమీటర్లే కాబట్టి మనలో చూడనివాళ్ళు తక్కువ. అక్కడ రుక్మిణి విఠోబా పక్కన నిలబడదు. ఆమె గుడి వెనకవైపు వేరే ఉంటుంది.

మా పక్కింటి మావుశి చెప్పే కారణం ఇది. ద్వారకలో కృష్ణుడి ఒళ్ళో రాధ కూర్చోవడం రుక్మిణి చూసింది. గొడవ పెట్టుకోలేదు, లేచి దిండీరవనానికి వచ్చేసింది. ఆమెను వెతుక్కుంటూ వచ్చిన కృష్ణుడే పుండలీకుడు విసిరిన ఇటుక మీద నిలబడి విఠోబా అయ్యాడు.

ఈ కథ మా అత్తమ్మ చచ్చినా ఒప్పుకునేది కాదు. "రుక్మిణమ్మ అలుగుడేంది? అలిగేది సత్యభామ గదనే!" అనేది. మనకు రుక్మిణి అంటే ఒక్క తులసిదళంతో తులాభారం తూచిన ఓర్పుగల తల్లి. పారిజాతం పువ్వు సవతికిచ్చాడని సత్యభామ ఇల్లు అదరగొట్టి, కాళ్ళమీద పడ్డ మొగుణ్ణి తన్నింది. నంది తిమ్మన రాసిన కృష్ణుడైతే తన తల సంగతి వదిలేసి, ఆమె పాదం నొచ్చిందేమో అని బాధపడతాడు. మన ఆడవాళ్ళ కోపమంటే అందరికీ గుర్తొచ్చేది అదే. గిన్నె విసరాలి, వాడంతా వినాలి, పొద్దుగూకేసరికి చల్లబడాలి.

మరాఠీవాళ్ళలో నోరున్నవాళ్ళు లేరని కాదు, నల్లా దగ్గర అందరం ఒకటే. మనలో నోరెత్తని ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద కథ కట్టినోళ్ళే లేరు.

మా చిన్న కోడలు మరాఠీ పిల్ల. మావాడు టవళ్ళ కార్ఖానాలో పని. అక్కడ పనిచేసే ఒకామెతో రోజూ రాత్రి ఫోన్‌లో నవ్వుకుంటూ మాట్లాడేవాడు. కోడలు భాకరీలు తట్టుకుంటూ ఉండేది. "చూడమ్మా, దీనికి అనుమానమన్నదే లేదు" అని వాడికి గొప్ప. ఒకరోజు రెండు చీరలు సంచిలో పెట్టుకుని, నా కాళ్ళకు మొక్కి, పుట్టింటికి పోయింది.

"ఏమన్నా అంటే గదా తెలిసేది!" అన్నాడు వాడు. మా ఆయన, "రెండు రోజులైతే అదే వస్తది" అన్నాడు.

నేను చేతిలో బీడీల చేట కింద పెట్టి, "విఠోబా ద్వారకలనే కూసున్నడారా? లే, ఎస్టీ ఎక్కు" అన్నాను.

వాడు పోయి మూడు రోజులు అత్తగారింట్లో ఉన్నాడు. మూడోనాడు మాట్లాడిందట. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. ఇద్దరూ కలిసే వచ్చారు, కానీ నెల దాకా ఆమె నా దగ్గరే పడుకుంది. మా ఆయన రోజూ గొణిగేవాడు. నేను మాత్రం ఆమెకు చాప పరిచిపెట్టేదాన్ని.